ముక్క తగలని ముద్ద

మిక్సీలు బాగుచేసే ఆ మెకానిక్‌కి ఒక నియమం ఉంది. బాగైన మిక్సీని ఉత్తినే తిప్పి చూసి ఇచ్చెయ్యడం అతనికి నచ్చదు. ఖాళీ జారుతో ఏ మోటారైనా బుద్ధిగానే తిరుగుతుంది, లోపల సరుకు పడ్డాకే దాని బండారం బయటపడుతుంది అంటాడు. అందుకని రోజూ మధ్యాహ్నం దుకాణం షట్టరు సగం దించి, ఆ పూట బాగైన మిక్సీలు చంకన పెట్టుకుని వెనకనున్న ఇంట్లోకి వచ్చేస్తాడు. పొయ్యి మీద ఏది ఉడికితే అది అందులో పడాల్సిందే. కూరగాయలు, మాంసం, అన్నం, రొట్టె, చివరికి జామకాయ కూడా. నిమిషం సేపు తిప్పి, మూత తీసి, చెంచాతో నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని ఆలోచించి, "ముక్క తగల్లేదు, పాసైంది" అంటాడు. పాసైన మిక్సీ దుకాణానికీ, అందులోది కంచాల్లోకీ వెళ్లిపోతాయి.

ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఇదే భోజనం. నవ్వితే నవ్వండి, నాకేం పోయింది. కానీ ఆ నియమం ఎక్కణ్ణుంచి వచ్చిందో విన్నాక నవ్వండి.

కూతురికి ఏడాది నిండినప్పుడు ఒక సాయంత్రం క్యారెట్ ముక్క గొంతులో అడ్డం పడింది. పాప ఏడవలేదు, దగ్గలేదు, మొహం నీలంగా మారింది. మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని కొయ్యబారిపోయాడు. అతని అత్తగారు పరుగున వచ్చి పిల్లను ఒళ్లో బోర్లా వేసుకుని వీపు మీద నాలుగు చరిచేసరికి ఆ ముక్క ఎగిరి గోడకు తగిలింది. పాప గుక్కపట్టి ఏడ్చింది, ఐదు నిమిషాల్లో అంతా మర్చిపోయి గరిటెతో ఆడుకుంది. అతను మాత్రం మర్చిపోలేదు. పైప్రాణాలు పైనే పోయిన ఆ నిమిషం అతనిలో అలాగే ఉండిపోయింది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఏ కంచంలోనూ ముక్క కనబడలేదు.

అడ్డు చెప్పేవాళ్లుండాలి కదా అంటారు. ఎవరు చెబుతారు? భార్య బస్సు కండక్టరు. తెల్లారేసరికి డ్యూటీ ఎక్కాలి. గ్లాసులో పోసుకుని నిలబడి తాగేసే భోజనం ఆమెకు వరంలా ఉంది. అత్తగారికి నోట్లో ఒక్క పన్నూ లేదు. "ఇలాంటి అల్లుడు ఏ తల్లికి దొరుకుతాడే?" అని వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. పాపకి ముక్క అంటే ఏమిటో తెలిస్తే కదా అడగడానికి!

పాపకి తొమ్మిదేళ్లు వచ్చాయి. పుట్టినప్పుడు పూరీలా గుండ్రంగా ఉన్న మొహం ఏడాదికింత చొప్పున కిందికి సాగుతూ వచ్చింది. బుగ్గలు చదునుగా అయిపోయాయి. పైపళ్లు ఇరుకులో ఒకదాని మీదకొకటి ఎక్కాయి. వెనక దవడ పళ్లు కలిసినా ముందు పళ్లు కలవవు, మధ్యలో సందు. కింది దవడను ఎత్తి పట్టుకునే ఓపిక కండరాలకు లేక నోరు ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. ఏటా తీయించుకునే కుటుంబం ఫోటోలు గోడ మీద వరసగా చూస్తే, పిల్ల గడ్డాన్ని ఎవరో పట్టుకుని మెల్లగా కిందికి లాగుతున్నట్టు ఉంటుంది. బడిలో గుర్తింపు కార్డు కోసం ఫోటో తీసినవాడు మూడుసార్లు కెమెరా వెనక్కి జరిపి, "నుదురు కావాలా గడ్డం కావాలా, ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. మెకానిక్ పట్టించుకోలేదు. తన తండ్రిది కూడా పొడుగు మొహమేనని సర్దిచెప్పుకున్నాడు.

అసలు గొడవ ఆవలింతలతో మొదలైంది. తెరిచిన నోరు ఎదురుగా కనిపిస్తే మనిషన్నవాడికి ఆవలింత వస్తుంది, ఏం చేస్తాం? పాప ముందు బెంచీలో కూర్చుంటే లెక్కల టీచరు బోర్డు ముందు నిలబడి ఆవలించేది. టీచర్ని చూసి క్లాసు, క్లాసుని చూసి వరండాలో పోతున్న అటెండరు, అటెండర్ని చూసి ఆఫీసు గుమస్తా. గంట కొట్టాల్సినవాడు ఆవలిస్తూ నిలబడిపోవడంతో ఒక రోజు మూడో పీరియడు మధ్యాహ్నం దాకా సాగింది. పిల్లలు ఆమెకు ఆవలింత అని పేరు పెట్టేశారు.

బస్సులో ఇంకా ఘోరం. ఒకసారి తల్లి డ్యూటీలో ఉండగా పాప డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. రెండు స్టాపులు దాటాక డ్రైవరు బస్సును రోడ్డు పక్కకు తీసి, స్టీరింగు మీద తల వాల్చేశాడు. వెనక నలభై మంది ప్రయాణికులు నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. మర్నాడు డిపోలో నోటీసు అంటించారు: "కండక్టరుగారి కుమార్తె ఇకపై చివరి సీటులో, వెనక అద్దం వైపు తిరిగి మాత్రమే ప్రయాణించవలెను." అలా కూర్చున్నందుకు వెనక వస్తున్న లారీ కూడా ఆగిపోయిందని డిపో మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు.

బడిలో హెడ్‌మిస్ట్రెస్ మెకానిక్‌ని పిలిపించింది. మాట్లాడుతున్నంత సేపూ కిటికీ వైపే చూసింది.

"చూడండీ, మీ అమ్మాయి మంచి పిల్ల. కానీ ఇక నుంచి గోడ వైపు తిరిగి కూర్చోవాలి. నోరు మూసుకుని రాగలిగిన రోజు మళ్లీ ఇటు తిప్పుతాం."

ఆ సాయంత్రం పాప దుకాణంలోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. అతను ఒక మోటారు విప్పుతున్నాడు.

"నాన్నా, నన్ను చూస్తే అందరికీ నిద్రెందుకొస్తుంది?"

"నిద్ర కాదమ్మా, వాళ్లు రాత్రుళ్లు సరిగ్గా పడుకోరు."

"అందరూనా?"

అతను తలెత్తి సమాధానం చెప్పబోయాడు. కూతురి మొహం చూశాడు. చూసీ చూడగానే అతనికీ ఆవలింత వచ్చేసింది. పాప తల దించుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎవరూ తిరగమనకుండానే! మెకానిక్‌కి ఆ క్షణాన చేతిలోని సుత్తితో తన నెత్తినే మొత్తుకోవాలనిపించింది.

మర్నాడే దవడల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. అనుభవం ఉన్న మనిషి, ఆవలింతలు వస్తాయని తెలిసి ముందే నోటికి గుడ్డ కట్టుకుంది. అయినా పరీక్ష పూర్తయ్యేసరికి పదకొండు వచ్చాయి. కొన పట్టకారులా ఉండి, మీద ముల్లు తిరిగే గడియారం ఉన్న పనిముట్టు ఒకటి తీసి, పాప దవడ పళ్ల మధ్య పెట్టి గట్టిగా కొరకమంది. ముల్లు కదిలిందో లేదో తెలుసుకోవడానికి కళ్లజోడు మార్చుకోవాల్సి వచ్చింది.

"మొన్న ఒకాయన పెంపుడు కుందేలు దీన్ని సరదాగా కొరికింది. దానికి ఇంతకు రెండింతలు వచ్చింది" అంది డాక్టరమ్మ. "ఏం పెడుతున్నారీ పిల్లకి?"

మెకానిక్ గర్వంగా చెప్పాడు. ఏ మిక్సీకి ఎన్ని నిమిషాలో కూడా చెప్పాడు. డాక్టరమ్మ గుడ్డ కిందికి లాగి అతని వంక అలాగే చూసింది.

"అయ్యా, ఎముక తనంతట తాను పెరగదు. కండరం లాగుతుంటే ఎటు పెరగాలో దానికి తెలుస్తుంది. నమిలే కండరం పడుకుంటే దవడ ముందుకీ పక్కకీ రావాల్సింది కిందికి జారిపోతుంది. అంగిలి ఇరుకవుతుంది. పళ్లకి చోటు చాలదు. అదిగో, అలా అయింది మీ పాపకి."

"ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

"ఇంకో మూడు నాలుగేళ్లు ఎముక మన మాట వింటుంది. ఆ తర్వాత వినదు. అప్పుడు కోసి సరిచెయ్యడమే. అంగిలి వెడల్పు చెయ్యడానికి నేను ప్లేటు పెడతాను, తీగలు వేస్తాను. కానీ పిల్ల నమలకపోతే నా తీగలు గాలికి పోయినట్టే. రోజూ గట్టివి నమలాలి, రెండు వైపులా. పచ్చి క్యారెట్‌తో మొదలెట్టండి."

క్యారెట్ అన్న మాట వినగానే మెకానిక్ పాపని దగ్గరికి లాక్కున్నాడు. ఇన్ని కూరగాయలుండగా ఈవిడకి అదే గుర్తు రావాలా?

ఇంటికొచ్చి ఆలోచించాడు. కండరం కదలాలి, అంతే కదా. కదిలించడం తన వృత్తి. క్యారెట్ ఎందుకు? రెండు రోజులు దుకాణం మూసి ఒక యంత్రం చేశాడు. పాత హెల్మెట్ పట్టీ గడ్డం కిందికి, దానికో తోలు బెల్టు, బెల్టుకి ముప్పావు హార్స్‌పవర్ మిక్సీ మోటారు. స్విచ్చి ఒకటి మీద పెడితే పాప దవడ మర్యాదగా పైకీ కిందికీ ఆడింది. రెండు మీద పెడితే పళ్లు టకటకలాడాయి. అందులో ఉండగానే పాప ఏదో చెప్పింది.

"నా న్నా ఆ పు నా న్నా ఆ పు."

"లెక్క పెడుతోంది, తెలివైన పిల్ల" అన్నాడు మెకానిక్.

"ఆపమంటోందయ్యా!" అని అత్తగారు వచ్చి ప్లగ్గు పీకేసింది. పాప దవడ ఆ తర్వాత కూడా పది నిమిషాలు అలవాటుకొద్దీ ఆడింది.

వారం వాడాక యంత్రంతో సహా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆమె పనిముట్టు పెట్టి చూసింది. ముల్లు ఎక్కడిదక్కడే ఉంది.

"ఇందులో కష్టపడింది ఎవరు?" అని అడిగింది.

"మోటారండీ."

"అయితే మీ మోటారు దవడకి ఏ లోటూ లేదు, నిశ్చింతగా ఉండండి. పాపని నమలనివ్వండి మహాప్రభో!"

ఇక తప్పలేదు. ఆదివారం పొద్దున బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు, మధ్యలో గిన్నె నిండా క్యారెట్ ముక్కలు. నమలడం ఎలాగో ముందు పెద్దవాళ్లు చేసి చూపించాలని తల్లి తీర్మానించింది. తీరా చూస్తే ఎనిమిదేళ్లలో పెద్దవాళ్లూ మర్చిపోయారు. ఆమె ముక్కని నోట్లో అటూ ఇటూ తిప్పి, నాలిక కొరుక్కుని, "టికెట్ టికెట్ అని అరవమంటే సాయంత్రం దాకా అరుస్తా గానీ ఇది నా వల్ల కాదు" అంది. అత్తగారు మాత్రం చిగుళ్ల మధ్య ఒక ముక్క ఇరికించుకుని మూలన కూర్చుంది. మధ్యాహ్నానికి దాన్ని జయించింది. మింగేశాక ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసొచ్చింది.

మెకానిక్ వంతు వచ్చింది. అతని మాట ఒకటే. ఏ సరుకూ పరీక్ష లేకుండా పిల్ల నోటికి పోకూడదు. ఈ ముక్క ప్రమాదమా కాదా అని ముందు తను నమిలి చూస్తాడు. నమిలాక అది ముక్కగా మిగలదు, మింగేస్తాడు. "ఇది ఫరవాలేదు, దీని తర్వాతది ఎలా ఉందో" అని ఇంకోటి తీస్తాడు. గిన్నె ఖాళీ అయ్యేసరికి అన్నీ ఫరవాలేదని తేలింది. పాప ఖాళీ గిన్నె వంక చూసి, గ్లాసులోని ముద్ద తాగేసింది. మర్నాటి నుంచి రోజూ బడికి పోయే ముందు ఇదే వరస. ఆరు వారాలు! తల్లి తెల్లారకముందే డ్యూటీకి పోతుంది, అత్తగారికి దూరం చూపు ఆనదు. క్యారెట్లు అయిపోతున్నాయి కాబట్టి వైద్యం బ్రహ్మాండంగా సాగుతోందని వాళ్లిద్దరూ సంబరపడ్డారు.

ఈలోగా మెకానిక్ మొహం మారింది. బుగ్గలు దవడల దగ్గర రాయిలా బిగిశాయి. గడ్డానికి మూలలు తేలాయి. వీధిలో జనం ఆగి చూశారు. కూరగాయలమ్మే ఆవిడ, "ఏంటన్నా, పదేళ్లు తగ్గావే?" అంది. మిక్సీ పాడవకపోయినా కొందరు పట్టుకొచ్చి చూపించి పోయారు. గోడ వైపు కూర్చున్న పాప మొహం మాత్రం ఇంకో పిసరు సాగింది.

ఈసారి డాక్టరమ్మ దగ్గరికి తల్లి కూడా వెంట వచ్చింది. డాక్టరమ్మ పాపకి పెట్టిన పనిముట్టు తీసేసి, తండ్రి మొహం చూసి, ఏమనుకుందో ఏమో అతని నోట్లో పెట్టింది. ముల్లు గిర్రున తిరిగి ఆఖరి అంకె దగ్గర ఇరుక్కుపోయింది. పాప ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అన్నీ నాన్నే తినేస్తాడండీ. నేను చచ్చిపోతానని భయం."

తల్లి మొగుడి వంక చూసిన చూపుకి మిక్సీ బ్లేడ్లు కూడా మొండివే.

డాక్టరమ్మ చేతికున్న తొడుగులు ఊడదీసి బల్ల మీద పెట్టింది. "మీ దవడ అద్భుతంగా ఉందండీ. కానీ నా పేషెంటు మీరు కాదు. పెరిగే వయసు మీది కాదు, ఈ పిల్లది. ఆరు వారాలు ఆమెవి మీరు తినేశారు. ఇంకో నెల చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే నా దగ్గరికి రావద్దు, పద్దెనిమిదేళ్లు నిండాక కోసేవాళ్ల దగ్గరికి వెళ్లండి."

ఇంట్లోకి రాగానే మెకానిక్ గోడకు చేరగిలి కూర్చుని ఏడ్చేశాడు. అవును, ఏడ్చాడు. అంత గట్టి దవడ గజగజా వణికింది.

"నాకు దాని నీలం మొహమే కనిపిస్తుందే. ముక్క దాని నోటి దగ్గరికి పోతుంటే నా చెయ్యి దానంతటదే లాగేసుకుంటుంది."

"నాకు కనిపించదా ఆ మొహం? కన్నదాన్ని నేను" అంది భార్య. "చెయ్యి కట్టేసుకుని కూర్చోండి. రేపు పొద్దున అది నములుతుంది, మీరు చూస్తారు. అంతే."

పొద్దున ఆమె సెలవు పెట్టింది. ఈల మెడలో వేసుకుని బల్లకి ఒక పక్క కూర్చుంది. అత్తగారు పాప వెనక, అవసరమైతే వీపు చరచడానికి అరచెయ్యి ఎత్తి పట్టుకుని, విగ్రహంలా నిలబడింది. మెకానిక్ ఎదురుగా కూర్చున్నాడు. గిన్నె అతనికి అందనంత దూరంలో పెట్టారు.

"ఊఁ, కానియ్యి తల్లీ" అని తల్లి ఈల ఊదింది.

పాప ముక్క తీసుకుంది. ముందు పళ్లతో కొరకబోతే సందులోంచి జారిపోయింది. కాసేపు ఆలోచించి, దాన్ని బుగ్గ పక్కకి, దవడ పళ్ల మధ్యకి నెట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ పొడుగు మొహంలో ఎక్కడో నరం ఒకటి ఉబ్బింది.

ఫట్‌మంది.

ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో అలాంటి చప్పుడు కాలేదు. నలుగురూ ఉలిక్కిపడ్డారు, చప్పుడు చేసిన పాపతో సహా. తర్వాత ఆమె నెమ్మదిగా నమలడం మొదలెట్టింది. ఒకటి. రెండు. తల్లి వేళ్ల మీద లెక్కపెడుతోంది. ఐదోసారికి పాప బుగ్గలు అదిరాయి, కళ్ల వెంట నీళ్లొచ్చాయి, మొహం ఎర్రబడింది. ఎనిమిదోసారికి దగ్గు వచ్చింది.

అంతే, మెకానిక్ బల్ల మీదుగా ఎగిరి పడ్డాడు. గిన్నె దొర్లింది. "దగ్గుతోందంటే గాలి ఆడుతోందనే! ఆగండీ!" అని భార్య అరుస్తూనే ఉంది. అతని చెవికి ఏదీ ఎక్కలేదు. పాప నోట్లో చూపుడువేలు దూర్చి, బుగ్గ లోపల ముక్క కోసం వెతికాడు. ముక్క దొరికింది కూడా. లాగబోయాడు.

పాప కొరికింది.

చిన్నప్పుడు ఎప్పుడో పంటి కింద వేలు పడి ఉంటే మీకు తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు. మెకానిక్ పెట్టిన కేకకి వీధి చివర కుక్కలు లేచాయి. అత్తగారు ఎత్తిన చెయ్యి ఎవరి వీపు మీద వెయ్యాలో తెలియక తికమకపడింది. వేలు వెనక్కి రాలేదు. పాప వదల్లేదు. కళ్లు తెరిచి, తండ్రి కళ్లలోకి సూటిగా చూస్తూ, పళ్ల మధ్య వేలూ ముక్కా రెండూ ఉంచుకునే ఏదో అంది.

"ఇయ్యయయి ఒఎయ్యి."

"ఏంటమ్మా? వదులు తల్లీ, వదులు!"

"ఇయ్యయయి ఒఎయ్యి!"

అత్తగారు ముందుకు వంగి విన్నది. పళ్లు లేని మాటలు ఆమెకి కొత్తేం కాదు. "తియ్యనని ఒట్టెయ్యమంటోంది అల్లుడూ. దాని నోట్లో ముక్క ఇంకెప్పుడూ తియ్యనని."

మెకానిక్ కూతురి మొహం చూశాడు. ఎర్రగా ఉంది. నీలంగా లేదు. ముక్కుపుటాలు కోపంతో అదురుతున్నాయి. తొమ్మిదేళ్లలో ఆ పిల్ల అతని మీద కోప్పడ్డం ఇదే మొదలు. పళ్లు ఇంకొంచెం దిగాయి.

"తియ్యను" అన్నాడు. "ఇంకెప్పుడూ తియ్యను తల్లీ. నీ మీదొట్టు."

పాప మరో క్షణం ఆలోచించింది. నమ్మొచ్చా అన్నట్టు తల్లి వంక చూసింది. తల్లి తలూపాక పళ్లు వదులు చేసింది. వేలు బయటికి వచ్చింది, ముక్క లోపలే ఉండిపోయింది. దవడ పళ్ల గుర్తులు వేలికి రెండు వైపులా లోతుగా దిగి, ఒక చోట రక్తం చిమ్మింది. మెకానిక్ ఆ గుర్తుల్ని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "చూడవే, ఎంత లోతు దిగాయో చూడవే" అని భార్యకి చూపించాడు. ఆమె గుడ్డ పట్టుకొచ్చి, కట్టు కట్టబోయి, వేలు చూసి, తనూ కళ్లు తుడుచుకుంది.

పాపకి ఇవేం పట్టలేదు. నములుతోంది. అలిసిపోయి మధ్యలో ఆగుతోంది, బుగ్గ రుద్దుకుంటోంది, మళ్లీ నములుతోంది. ముప్పై ఏడోసారికి గుటక వేసింది.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"బాగా ఉందమ్మా."

"నాక్కూడా దవడ నొప్పిగా ఉంది" అని, చెయ్యి చాచింది. "ఇంకోటి ఇవ్వు."

మెకానిక్ నేల మీద దొర్లిన ముక్కల్ని ఏరి, కడిగి, గిన్నెలో వేశాడు. చిన్నదొకటి వెతికి తీశాడు. కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని గిన్నెలో పడేసి, పెద్దది తీసి కూతురి చేతిలో పెట్టాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.